తొడ కింద దాచిన ఎడమ చెయ్యి: నాలుగేళ్ల బాబుతో ఒక కేస్ స్టడీ

పెన్సిలు ముట్టనని మొండికేసిన ఒక నాలుగేళ్ల బాబు కేసు ఇది. చెన్నైలో ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) పక్కన, పెరుంగుడిలో ఉన్న చిన్న ప్రీస్కూల్లో 3 నుంచి 6 ఏళ్ల పిల్లలంతా కలిసి కూర్చునే గది నాది. బాబు జూన్‌లో మా గదికి వచ్చాడు. ఇక్కడ వాడిని చిన్నా అంటాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, రాయడానికి అమ్మానాన్నలు ఒప్పుకున్నారు.

ఇంత వివరంగా రాయడానికి ఒక కారణం ఉంది. ఎడమచేతివాటం గురించి మన ఇళ్లలో మాట ‘మానిపించాలా, వద్దా’ అన్న దగ్గరే ఆగిపోతుంది. మానిపించకూడదని ఒప్పుకున్న ఇళ్లలో కూడా, సరే, ఎలా రాసుకుంటాడో రాసుకోనీ అని వదిలేస్తారు. వదిలెయ్యడం నేర్పడం కాదు. ఎడమచేత్తో రాయబోయే పిల్లకి కాగితం ఎలా పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి, మాదిరి అక్షరం ఎటువైపు రాయాలి అన్నవన్నీ వేరు. అవి ఎవరో ఒకరు కూర్చుని చూపించాలి.

చిన్నా వాళ్లది నెల్లూరు వైపు. నాన్న షోలింగనల్లూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం, అమ్మ బ్యాంకులో. పగలంతా బాబు నాయనమ్మ దగ్గర. ఇంట్లో తెలుగు, అపార్టుమెంటు కింద ఆటల్లో తమిళం, బడిలో ఇంగ్లీషూ తమిళమూ. మాటల్లో ఏ ఇబ్బందీ లేదు. మా ఆయా అక్కతో తమిళంలో కబుర్లు చెప్పి, నా వైపు తిరిగి అదే సంగతి తెలుగులో చెప్పేవాడు. పెద్దబడిలో యూకేజీ సీటు కావాలంటే నూరు వరకు అంకెలు రాయగలగాలని ఎవరో చెప్పారట. అందుకని అదే అపార్టుమెంటులో సాయంత్రం ట్యూషన్‌లో పెట్టారు.

నా దగ్గరికి అమ్మ తెచ్చిన ఫిర్యాదు ఇది: “రాత పుస్తకం తీస్తే కడుపునొప్పి అంటాడు మేడమ్. మొన్న పేజీ చింపేశాడు. బద్ధకమా, భయమా తెలియట్లేదు.” అప్పటికి బాబుకి 4 ఏళ్ల 3 నెలలు.

ఆ వయసుకి చెయ్యి ఏం చెయ్యగలదో ముందు చెబుతాను, ఎందుకంటే ఫిర్యాదులో సగం అక్కడే తేలిపోతుంది. మామూలుగా పిల్లలు మూడేళ్లకి సున్నా చుట్టగలుగుతారు, నాలుగేళ్లకి కూడిక గుర్తు గీస్తారు, చతురస్రం నాలుగున్నర దాటాక, త్రిభుజం ఐదేళ్ల చుట్టుపక్కల. ఏటవాలు గీత చివరికి వస్తుంది. అంటే కూడిక గుర్తు ఇప్పుడిప్పుడే వస్తున్న చేతికి ట్యూషన్‌లో ఏ, కే, ఎమ్ లాంటి ఏటవాలు అక్షరాలూ, వరసగా అంకెలూ ఇస్తున్నారన్నమాట. 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఆరేళ్ల లోపు పిల్లలకి పాఠ్యపుస్తకాలే నిర్దేశించవద్దంటోంది. ఆ మాట మన అపార్టుమెంట్ల ట్యూషన్ల దాకా చేరలేదు.

అయితే తొందరపెట్టడం ఒక్కటే కారణమైతే చిన్నా ఇసుక పళ్లెంలో కూడా గీయకూడదు. అక్కడ గీసేవాడు. అదే నన్ను ఆపింది.

గదిలో చూసింది

మా గదిలో మాంటిస్సోరి సామగ్రి, అంటే పిల్లలు చేత్తో పట్టుకుని పనిచేస్తూ నేర్చుకునే వస్తువులు, వాడతాం. 1939లో మరియా మాంటిస్సోరి గారు మద్రాసు వచ్చి అడయారులో టీచర్లకి శిక్షణ ఇచ్చిన ఊరు కాబట్టి ఆ పద్ధతి ఇక్కడ కొత్తేమీ కాదు. ఆ సామగ్రిలో మంచి గుణం ఏమిటంటే, పిల్లవాడు ఏ చెయ్యి వాడుతున్నాడో అడగకుండానే చూడొచ్చు. పిడి ఉన్న దిమ్మెలు మూడు వేళ్లతో ఎత్తాలి. కందిపప్పు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి చెంచాతో మార్చాలి. నేను ప్రతి వస్తువునీ వాడి శరీరానికి సరిగ్గా నడిమధ్యన పెట్టాను. కుడివైపు పెడితే కుడిచెయ్యే వెళ్తుంది, దాన్నిబట్టి ఏమీ తెలియదు.

చెంచా ఎడమచేత్తో తీశాడు. సీసా మూత తిప్పేటప్పుడు కుడిచెయ్యి సీసాని పట్టుకుంది, ఎడమచెయ్యి మూత తిప్పింది. రెండు చేతుల పనుల్లో చూడాల్సింది ఇదే: ఏది పట్టుకుంటోంది, ఏది పని చేస్తోంది. బంతి ఎడమచేత్తో విసిరాడు, బల్ల మీద నీళ్లు ఎడమచేత్తో తుడిచాడు. ఇసుక పళ్లెంలో ఎడమ చూపుడువేలితో చుట్టిన సున్నాలు నిండుగా, మొదలూ చివరా కలిసేలా ఉన్నాయి. నేను పక్కకొచ్చి కూర్చోగానే వేలు మారింది. కుడివేలితో చుట్టిన సున్నా వంకరపోయింది, కలవలేదు.

ఇంకో రోజు బల్ల మీద క్రేయాన్లు పెట్టి దూరంగా వేరే పాపతో ఉన్నాను. చిన్నా ఎడమచేత్తో చేప బొమ్మ వేస్తున్నాడు. నేను ఆ వైపు నడిచేసరికి క్రేయాన్ కుడిచేతికి మార్చుకుని, ఎడమ చెయ్యిని తొడ కిందకి తోసి దాని మీద కూర్చున్నాడు. నేనేమీ అనలేదు. చేప బాగుందని చెప్పి దాటిపోయాను. కానీ కేసు ఎటువైపు చూడాలో అప్పుడే తెలిసింది. పిల్లవాడికి రాతంటే భయం లేదు. ఏ చెయ్యి బయటపెడితే ఎవరేమంటారోనన్న భయం ఉంది.

ఇంట్లో అడగాల్సినవి రెండు ఉన్నాయి. మొదటిది వైద్యానికి సంబంధించింది. పసిపిల్లలు మొదటి ఏడాదిలో రెండు చేతులూ సమానంగా వాడతారు. ఏడాదిన్నర లోపే ఒకే చెయ్యి గట్టిగా వాడుతూ రెండోదాన్ని పక్కన పెట్టేస్తుంటే అది వాటం కాకపోవచ్చు, రెండో చేతిలో బలహీనత ఉండొచ్చు, వెంటనే పిల్లల డాక్టరుకి చూపించాలి. చిన్నా వాళ్లమ్మ ఫోన్లో పాత వీడియోలు చూపించారు. ఏడాది లోపు రెండు చేతులతో గిలక్కాయ లాక్కున్నాడు, పాకడంలో తేడా లేదు, రెండేళ్లకి చెంచా ఎడమచేత్తో. పార్కులో కమ్మీ పట్టుకుని రెండు చేతులతో వేలాడతాడు. అయినా మామూలు చెకప్‌లో కళ్లూ చేతులూ ఒకసారి చూడమని అడగమన్నాను. తేడా ఏమీ లేదన్నారు. తేడా ఉండి ఉంటే ముట్టుకాడులో ఉన్న జాతీయ బహుళ వైకల్యాల సంస్థకి వెళ్లమని చెప్పేదాన్ని.

రెండోది, ఇంట్లో ఎవరైనా చెయ్యి మారుస్తున్నారా అని. అమ్మ నాన్న వైపు చూశారు. నాన్న తల దించుకున్నారు. “మా అమ్మ అన్నం దగ్గర ఒప్పుకోదు మేడమ్. ట్యూషన్‌లో కుడిచేతికి రబ్బరు బ్యాండు వేసి, ఇదే రాసే చెయ్యి అని చెప్పారు. మేము కూడా మంచిదేలే అనుకున్నాం.”

నాయనమ్మతో మాట

నాయనమ్మని బడికి రమ్మనలేదు. నేనే వాళ్లింటికి వెళ్లాను. పెద్దావిడని టీచరు ముందు నిలబెట్టి తప్పు చెప్పించుకోవడం నాకు ఇష్టం లేదు, దానివల్ల పని కూడా జరగదు.

“మేం కొట్టలేదమ్మా వాణ్ణి,” అన్నారావిడ కూర్చోగానే. “పుర్రచేత్తో అన్నం తింటే రేపు పెళ్లిలో బంతిలో కూర్చున్నప్పుడు నలుగురూ ఏమంటారు? పెంచే దిక్కు లేదంటారు. నేనుండి కూడా నేర్పలేదంటారు.”

ఆ మాటలో ఎవరినీ తప్పుపట్టడానికి నాకేమీ కనబడలేదు. ఆవిడ బాధ బిడ్డ మీద ప్రేమలోంచి వచ్చిందే. అందుకని మూఢనమ్మకం అన్న మాట నా నోటినుంచి రాలేదు. వాటం ఎవరూ నేర్పేది కాదని చెప్పాను. దాదాపు పదిమందిలో ఒకరికి ఎడమచేతివాటం ఉంటుంది, అమ్మానాన్నలిద్దరిదీ కుడిచెయ్యే అయినా పుడతారు. కడుపులో ఉన్నప్పుడే ఏ బొటనవేలు చప్పరిస్తున్నారో స్కానింగుల్లో చూశారన్నాను. “కడుపులోనేనా!” అని ఆవిడ కోడలి వైపు తిరిగారు. ఆ ఒక్క విషయం నేను చెప్పిన మిగతావాటన్నిటికంటే ఎక్కువ పనిచేసింది.

“చెయ్యి మారిస్తే నత్తి వస్తుందంటారే, నిజమా?” అని అమ్మ అడిగారు. అది పాత నమ్మకం. పరిశోధనలు దాన్ని గట్టిగా బలపరచలేదు, నేను ఆ భయం చూపించి ఎవరినీ ఒప్పించను. మార్చడం వల్ల జరిగే నష్టం కళ్లముందే ఉంది: పని చేతకాని చేతితో చెయ్యమంటున్నాం, చేతకాలేదని కోప్పడుతున్నాం.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. తీర్థం, ప్రసాదం, పెద్దలకి ఏదైనా ఇవ్వడం పుచ్చుకోవడం కుడిచేత్తో. అన్నం కలుపుకుని తినడం కూడా కుడిచేత్తోనే చెప్పొచ్చు, కానీ మరిచిపోతే మాట అనకూడదు, చెయ్యి పట్టుకుని మార్చకూడదు. పెన్సిలు, క్రేయాన్, చెంచా, బ్రష్షు, కత్తెర, బంతి వాడి ఇష్టం. ఇది రాజీ అని నాకు తెలుసు. అన్నం కూడా వదిలెయ్యాల్సిందని నాతో పనిచేసే టీచరు ఒకామె ఇప్పటికీ అంటుంది. నా ఆలోచన వేరు. ఎడమచేత్తో రాసి కుడిచేత్తో అన్నం తినేవాళ్లు మన దేశంలో ఎంతోమంది ఉన్నారు. అన్నం కలపడానికి పెన్సిలు పట్టినంత నిశితమైన కదలిక అక్కర్లేదు. అన్నం దగ్గర పట్టుబడితే నాయనమ్మని పోగొట్టుకునేదాన్ని. పగలంతా బిడ్డ ఉండేది ఆవిడ దగ్గరే.

నాన్న అదే సాయంత్రం బాబుకి సచిన్ టెండూల్కర్ వీడియో చూపించారట. బ్యాటు కుడిచేత్తో, సంతకం ఎడమచేత్తో. ట్యూషన్ ఆపేశారు. బ్యాండు కత్తిరించి చెత్తబుట్టలో వేసింది చిన్నాయే, వాళ్ల నాన్న చెయ్యమంటే.

ఎడమచేత్తో నేర్పడం

మొదట కొన్నాళ్లు రాత ఊసే లేదు. చేతికి బలం, వేళ్లకి పొందిక రావాలి. ఇంట్లో బఠాణీలు ఒలవడం, చపాతీ పిండి పిసకడం, ఆరేసిన బట్టలకి క్లిప్పులు పెట్టడం, స్ప్రే సీసాతో మొక్కలకి నీళ్లు కొట్టడం నాయనమ్మకి అప్పగించాను. ఇవన్నీ ఆవిడ రోజూ చేసే పనులే కాబట్టి ఎవరికీ బరువు కాలేదు. బడిలో వెడల్పు బ్రష్షు, చిన్న బకెట్టులో నీళ్లు ఇచ్చి పిట్టగోడ మీద పెద్ద పెద్ద గీతలు గీయించాం. మద్రాసు ఎండకి గీసినవన్నీ నిమిషాల్లో ఆరిపోతాయి. తప్పు అనేది ఎక్కడా మిగలదు. పేజీలు చింపే పిల్లలకి ఇది నేను తరచూ ఇచ్చే పని. నాయనమ్మ పలకా బలపం కొనిపెట్టారు గానీ వాటిని వెనక్కి పెట్టించాను. తెలుగైనా ఇంగ్లీషైనా ఎడమనుంచి కుడికి రాస్తాం, ఎడమచెయ్యి రాసినదాని మీదుగానే జరుగుతుంది, పలక మీద అక్షరం అక్కడికక్కడే చెరిగిపోతుంది.

చూపించేటప్పుడు మామూలుగా నేను పిల్లల పక్కన కూర్చుంటాను. చిన్నాకి మాత్రం ఎదురుగా కూర్చున్నాను. నాది కుడిచెయ్యి. ఎదురుగా ఉంటే నా కుడిచెయ్యి వాడి ఎడమచేతికి సరిగ్గా అద్దంలోలా కనిపిస్తుంది. గుండీలు పెట్టుకోవడం, జిప్పు లాగడం, తర్వాత బూటు లేసులు, అన్నీ అలాగే నేర్పాను. కుడిచేతివాటం ఉన్న అమ్మానాన్నలకి ఇది ఒక్కటి చెప్పినా సగం చిరాకు తగ్గుతుంది. ఇసుక కాగితపు అక్షరాలు (వేలితో తడిమి దిద్దే గరుకు అక్షరాలు) మాత్రం ఎదురునుంచి చూపిస్తే నాకు తలకిందులు అవుతాయి కాబట్టి వాడి కుడిపక్కన కూర్చుని, నా ఎడమచేతి రెండు వేళ్లతో దిద్ది చూపించాను.

ఇక కాగితం. కుడిచేతివాళ్లకి కాగితం ఎడమవైపుకి వాలుతుంది, అందరికీ అలాగే పెట్టడం బడుల్లో అలవాటు. ఎడమచేతివాళ్లకి కాగితం శరీరానికి కాస్త ఎడమగా ఉండాలి, కుడివైపుకి వాలాలి, కింది కుడిమూల పొట్టవైపు చూడాలి. అలా పెట్టకపోతే రాసింది కనబడక పిల్లలు మణికట్టుని రాత మీదుగా పైనుంచి వంచి పట్టుకుంటారు. అది అలవాటైతే చెయ్యి నొప్పి, తర్వాత విప్పడం కష్టం. బల్ల మీద రంగు టేపు రెండు ముక్కలు అంటించాను, కాగితం ఆ గీతకి ఆనించి పెట్టుకుంటాడు. పెన్సిలు మొననుంచి మూడు సెంటీమీటర్ల ఎత్తులో పట్టుకునేలా చిన్న రబ్బరు చుట్టాను, అంత పైన పట్టుకుంటే వేళ్లు రాతని మూసెయ్యవు. గట్టి పెన్సిలు కాకుండా మెత్తగా నల్లగా పడే 2బీ ఇచ్చాను. ఎడమచెయ్యి పెన్సిలుని లాగడం కాకుండా తోస్తుంది కాబట్టి గట్టి మొన కాగితాన్ని గుచ్చుతుంది.

కూర్చునే చోటు కూడా మార్చాను. బల్లకి ఎడమ చివర, అప్పుడు పక్క పిల్లవాడి కుడిమోచేతికి తగలదు. కిటికీ వెలుతురు కుడివైపునుంచి వచ్చేలా, లేకపోతే తన చేతి నీడే రాత మీద పడుతుంది. కాపీ పుస్తకాల్లో మాదిరి అక్షరం వరసకి ఎడమ చివర అచ్చువేసి ఉంటుంది. ఎడమచేత్తో రాసే పిల్లకి మొదటి అక్షరం రాయగానే మాదిరి చేతికింద దాగిపోతుంది. కుడి చివర కూడా ఒకసారి రాసి పెట్టడం టీచరుకి ఎంత పని?

కత్తెర సంగతి చాలామందికి తెలియదు. మామూలు కత్తెర ఎడమచేత్తో పట్టుకుంటే కత్తిరించాల్సిన గీత పై బ్లేడు వెనక్కి పోతుంది. పైగా వేళ్ల ఒత్తిడి బ్లేడ్లని దగ్గరికి నొక్కకుండా విడదీస్తుంది, కాగితం తెగకుండా మధ్యలో మడతపడుతుంది. పిల్లవాడికి చేతకావట్లేదని మనం రాసేసుకుంటాం. బ్లేడ్లు తిరగేసి బిగించిన ఎడమచేతి కత్తెర తెప్పించిన రోజే చిన్నా గీతమీద కత్తిరించాడు.

దసరా సెలవుల తర్వాత ఒక కాగితం పట్టుకుని అమ్మ కంగారుగా వచ్చారు. తన పేరు ఇంగ్లీషులో రాశాడు, మొత్తం కుడినుంచి ఎడమకి, ప్రతి అక్షరమూ అద్దంలో చూసినట్టు తిరగేసి. ఫోన్లో వెతికి డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే సమస్య) ఏమోనని రాత్రంతా నిద్రపోలేదట. ఈ వయసులో తిరగేసి రాయడం కుడిచేతివాళ్లలోనూ ఎడమచేతివాళ్లలోనూ మామూలే, ఏడేళ్ల వరకూ కనిపిస్తుంది. ఎడమచేతికి బయటివైపు గీత లాగడం సులువు, అందుకని కుడినుంచి మొదలుపెట్టబుద్ధి అవుతుంది. దిద్దలేదు, చెరపలేదు. వరసకి ఎడమ చివర ఒక పచ్చచుక్క పెట్టి, అక్కడినుంచి బయల్దేరమన్నాను. అదే కాగితం నాన్నకి ఫోటో తీసి పంపాను, ‘ఐదు అక్షరాలూ ఉన్నాయి, వరసా ఉంది’ అని.

ధనుర్మాసంలో నాయనమ్మ తలుపు ముందు వరండాలో చుక్కల ముగ్గు వేస్తుంటే వీడూ చేరాడు. ముగ్గుపిండి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి సన్నగా వదలడం పెన్సిలు పట్టడానికి కావలసిన పొందికే. ఏ చేత్తో వెయ్యాలని వాడు ఆవిణ్ణి అడిగాడట. “నీకు ఏది వస్తే అదే వెయ్యి,” అన్నారట. ఫోన్ చేసి నాకు చెప్పింది ఆవిడే. చుక్కలు కుడినుంచి ఎడమకి కలుపుతున్నాడని, అది కూడా తప్పు కాదు కదా అని అడిగారు. ముగ్గుకి మొదలూ చివరా ఎక్కడైనా ఒకటే అన్నాను.

సంక్రాంతికి ఊరెళ్లి వచ్చాక మళ్లీ చెయ్యి దాచాడు. అక్కడ బంధువుల పిల్లలు ఏదో పేరు పెట్టి ఏడిపించారు. నేను కొత్తగా ఏమీ చెయ్యలేదు. టేపు, చుక్క, కత్తెర ఉన్నచోటే ఉన్నాయి. నెలాఖరుకి మళ్లీ మామూలయ్యాడు.

ఇప్పటి స్థితి

ఏప్రిల్ నాటికి తన పేరు ఎడమనుంచి కుడికి రాస్తున్నాడు. 3, ఎస్, జె ఇంకా తిరగబడతాయి. పట్టు బాగుంది, మణికట్టు నిటారుగా ఉంది. వేగం తోటివాళ్ల కంటే తక్కువ. కడుపునొప్పి మాట లేదు. ఇందులో ఏది దేనివల్ల వచ్చిందో విడదీసి చెప్పలేను: చెయ్యి వదిలెయ్యడం, ట్యూషన్ ఆగడం, సాయంత్రాలు ఆటకి దొరకడం అన్నీ ఒకేసారి జరిగాయి. అన్నం కుడిచేత్తో తింటాడు, పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఎడమచేత్తో చెంచా అడుగుతాడు. నాయనమ్మ ఇస్తున్నారు.

ముందు ఉన్న పని తక్కువేమీ కాదు. 2006 చట్టం ప్రకారం తమిళనాడు బడుల్లో ఒకటో తరగతినుంచి తమిళం తప్పనిసరి. ఇంగ్లీషు, తమిళం, ఇంట్లో తెలుగు, మూడు లిపులు ఒకే ఎడమచేతికి రావాలి. తెలుగు, తమిళం రెండింటిలోనూ చుట్టలు ఎక్కువ. ఎడమచేతి పిల్లలు చాలామందికి సున్నా గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టడం సులువు, కాబట్టి ఏ అక్షరం ఎటువైపు మొదలవుతుందో చేత్తో చూపించి నేర్పాలి. తెలుగు అక్షరాలు ఐదున్నర దాటాక మొదలుపెట్టమన్నాను, పలక మీద కాదు, నిలువుగా గోడకి తగిలించిన బోర్డు మీద. ఏడేళ్లు దాటాక కూడా అక్షరాలు తరచూ తిరగబడుతుంటే, లేదా చెయ్యి త్వరగా అలసిపోతుంటే ఆక్యుపేషనల్ థెరపిస్టుకి (రాత, గుండీలు లాంటి రోజువారీ చేతిపనుల్లో ఇబ్బందులు చూసే నిపుణులకి) చూపించాలని అమ్మానాన్నలకి రాసిచ్చాను.

యూకేజీ టీచరుకి ఒక పేజీ కాగితం ఇచ్చి పంపాను: కూర్చునే చోటు, కాగితం వాలు, కుడి చివర మాదిరి, కత్తెర, పచ్చచుక్క, ‘చెయ్యి గురించి తరగతిలో అందరి ముందూ మాట్లాడవద్దు’ అన్న విన్నపం. జూన్‌లో ఆవిడ ఫోన్ చేసి మొదట అడిగింది కత్తెర గురించే, ఆ తరగతిలో ఉన్నవన్నీ కుడిచేతివే. ఎడమచేతివి రెండు తెప్పించారు. రెండోది ఎవరికని అడిగితే, ఆ తరగతిలో ఇంకో పాప కూడా ఉంది, ఏడాదిగా కాగితం కత్తిరించడం రాదని రిపోర్టు కార్డులో రాస్తూ వచ్చామన్నారు.